తల్లుల రచనా బృందానికి ఏ యాప్ నిలబడుతుంది? ఫోకస్‌మేట్, జూమ్, మీట్, వాట్సాప్, గూగుల్ డాక్స్: సమీక్ష

రాసేవాళ్ల యాప్‌ల మీద వచ్చే సమీక్షల్లో ఎక్కువగా ఫీచర్ల పట్టికే కనిపిస్తుంది. ఎన్ని ఫాంట్లున్నాయి, ఎన్ని టెంప్లేట్లున్నాయి, డార్క్ మోడ్ ఉందా లేదా. చిన్నపిల్లలున్న తల్లికి ఆ పట్టికతో పెద్దగా పని లేదు. ఆమె చూసుకోవాల్సినవి రెండే. వాక్యం మధ్యలో పిలుపొచ్చి లేస్తే, అప్పటిదాకా రాసింది భద్రంగా ఉంటుందా? అరగంటకో మర్నాటికో తిరిగొచ్చి కూర్చుంటే, మళ్లీ ఆ వాక్యంలోకి దిగడానికి ఎంతసేపు పడుతుంది? ఈ సమీక్షలో ప్రతి సాధనాన్నీ ఆ రెండు ప్రశ్నలతోనే చూశాం. తల్లులకు సమయం అసలే దొరకదనడం సరికాదు. దొరుకుతుంది, కానీ ముక్కలుగా దొరుకుతుంది. ఏ ముక్క ఎంతసేపు నిలుస్తుందో ముందుగా తెలియదు, అసలు ఇబ్బంది అక్కడే.

ముందుగా ఫోకస్‌మేట్. వెబ్‌సైట్లో క్యాలెండర్ తెరిచి 25, 50, 75 నిమిషాల్లో ఏదో ఒక నిడివినీ, ఒక సమయాన్నీ ఎంచుకోవాలి. అదే సమయానికి పని చేసుకోవాలనుకున్న ఇంకొకరితో వీడియో కాల్ కలుస్తుంది. మొదట ఇద్దరూ ఏం చేయబోతున్నారో చెప్పుకుంటారు, మైకులు ఆపేస్తారు, కెమెరాలు మాత్రం ఉంచుతారు, చివర్లో ఎంతవరకు వచ్చిందో చెప్పుకుని సెలవు తీసుకుంటారు. ఉచిత ఖాతాకు వారానికి 3 సెషన్లు ఉంటాయి. రాయడం అలవాటు చేసుకునే దశలో ఉన్న తల్లికి ఆ మూడు సరిపోతాయి.

ఇది పనిచేయడానికి కారణం అవతల మనిషి మనల్ని గమనించడం ఒక్కటే కాదు. "రాసుకుంటున్నాను" అంటే ఇంట్లోవాళ్లు మధ్యలో పలకరిస్తూనే ఉంటారు. "కాల్‌లో ఉన్నాను" అంటే ఆగుతారు. ఇంకొకరికి మాట ఇచ్చిన సమయానికి ఇంట్లో దొరికే మర్యాద, తన కోసం తాను పెట్టుకున్న సమయానికి దొరకదు. ఫోకస్‌మేట్ ఆ మర్యాదను రాతకు తెచ్చిపెడుతుంది. దీనిలో అతి పెద్ద గుణం ఇదే.

నిడివి ఎంచుకోవడంలో చాలామంది తడబడతారు. ఎక్కువ రాయాలన్న ఆశతో 75 నిమిషాలు పెట్టుకుంటారు. పసిబిడ్డ నిద్ర అంతసేపు ఉంటుందన్న భరోసా లేదు, మధ్యలో వదిలేయాల్సి వస్తుంది. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి బుక్ చేయడానికే మనసొప్పదు. పిల్లలు బడికి వెళ్లే వయసు రాకముందు 25 నిమిషాల సెషనే పెట్టుకోవడం మంచిది. మాటలు పోగా రాతకు మిగిలేది 21, 22 నిమిషాలు. అంతలో ఒక చిన్న దృశ్యానికి సగం చిత్తు తయారవుతుంది. అది చాలు.

లక్ష్యం చెప్పే తీరులో కూడా తేడా ఉంది. "కథ రాస్తాను" అంటే అది లక్ష్యం కాదు. అలా చెప్పి కూర్చుంటే మొదటి పది నిమిషాలు ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవడంలోనే పోతాయి. "అక్క ఉత్తరం విప్పి మొదటి వాక్యం చదివేదాకా రాస్తాను" అంటే చేతికి వెంటనే దారి కనిపిస్తుంది. ఏ దృశ్యం, ఎవరు చేసే ఏ పని దగ్గర ఆగాలి అన్న రెండూ అందులో ఉండాలి.

లోపాలు లేకపోలేదు. కెమెరా పెట్టుకోవడం అక్కడి నియమం, కాబట్టి మన వెనక గోడ వచ్చేలా ఫోన్ పెట్టుకుని కూర్చోవాలి. పిల్లలు ఆడుకునే చోటు వెనక కనిపించకూడదు. బిడ్డకు పాలిచ్చే సమయమైతే ఈ సేవ ఇబ్బందిగానే ఉంటుంది. మాట్లాడటం కుదరని వేళల్లో చాట్‌లోనే పలకరించుకోవచ్చు, నిద్రపోతున్న పిల్లల పక్కన కూర్చునేవాళ్లకు ఆ దారే మేలు. బిడ్డ లేచి ఏడిస్తే ఏం చెప్పకుండా మాయం కావద్దు. "బిడ్డ లేచింది, వెళ్తున్నాను" అని చాట్‌లో ఒక ముక్క పెట్టి లేవాలి, అవతలివాళ్లు అర్థం చేసుకుంటారు. అయితే సాహిత్యం విషయంలో ఫోకస్‌మేట్ నుంచి ఏమీ ఆశించకూడదు. నచ్చిన భాగస్వాములను గుర్తుపెట్టుకునే వీలుంది గానీ, అవతల ఉన్నది లెక్కలు చూసుకునేవారో పరీక్షకు చదివేవారో అయి ఉంటారు. మన కథ ఎవరూ చదవరు. పలకరింపులు ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగుతాయి. కూర్చోబెట్టడానికి ఇది చాలా మంచిది. తోడు రాసేవాళ్లు కావాలంటే మాత్రం సొంత బృందం కట్టుకోవాలి.

సొంత బృందమంటే జూమ్ లేదా గూగుల్ మీట్. రెండింటి ఉచిత ఖాతాల్లోనూ సమయ పరిమితి ఉంది. జూమ్ సమావేశం 40 నిమిషాలకు ఆగిపోతుంది. మీట్‌లో ముగ్గురు అంతకంటే ఎక్కువమంది ఉంటే 60 నిమిషాలు, ఇద్దరే ఉంటే 24 గంటల వరకు నడుస్తుంది. చాలామంది జూమ్ పరిమితిని చిరాకుగా చూస్తారు. కలిసి రాసుకునే కూటమికి అది నిజంగా మేలే చేస్తుంది. ముగింపు ఎవరి మొహమాటం మీదా ఆధారపడదు, కబుర్లు పొడిగించే అవకాశం ఉండదు, ఇంట్లోవాళ్లకు "నలభై నిమిషాలు" అని కచ్చితంగా చెప్పి తలుపు వేసుకోవచ్చు.

ఆ నలభైని ఇలా పంచుకుంటే బాగుంటుంది. మొదటి 4 నిమిషాలు లక్ష్యాలు, అవి కూడా నోటితో కాక చాట్‌లో. తర్వాత 30 నిమిషాలు మైకులాపి రాత. చివర 5 నిమిషాల్లో ఒక్కొక్కరు తాము ఇవాళ రాసినదాంట్లో నచ్చిన ఒక్క వాక్యం చదవడం. అభిప్రాయాలు వద్దు, పొగడ్తలు కూడా వద్దు, వాక్యం విని ముందుకు సాగాలి. ఎక్కువ బృందాలు దెబ్బతినేది ఇక్కడే. రాసే గంటలోనే చదవడం, చర్చించడం కలిపేస్తారు. మూడో వారానికి రాత పది నిమిషాలకు కుదించుకుపోతుంది, ఐదో వారానికి అది కబుర్ల గంట అవుతుంది. రాత కూటమి వేరు, రాసినవి చదివి చర్చించుకునే చదువుల కూటమి వేరు. వాటిని ఒకే రోజున కూడా పెట్టకూడదు.

చదువుల కూటమికి మీట్ మేలు, 60 నిమిషాలుంటాయి కాబట్టి. ఐదుగురు ఉన్నారనుకుంటే ఒక్కొక్కరికి 10 నిమిషాలు. 4 నిమిషాలు చదవడం, 5 నిమిషాలు స్పందన, ఒక నిమిషం మారడానికి. మొదటా చివరా కలిపి 10 నిమిషాలు మిగులుతాయి. నింపాదిగా చదివితే 4 నిమిషాల్లో సుమారు 350 నుంచి 400 తెలుగు పదాలు వస్తాయి. కాబట్టి కథ మొత్తం తేవద్దని, ఒక్క దృశ్యమే తేవాలని ముందే చెప్పాలి. ఏడో మనిషి చేరిన రోజున ఈ లెక్క కుదరదు. ఆరుగురు దాటితే బృందాన్ని రెండుగా చేయాలి. లేకపోతే చివరి ఇద్దరికీ సమయం చాలదు. సాధారణంగా మొహమాటపడి చివర మిగిలేవాళ్లే ఆ ఇద్దరవుతారు, వాళ్లే ముందుగా మానేస్తారు.

సాంకేతికంగా తప్పు జరిగే చోట్లు కొన్నున్నాయి. జూమ్‌లో సమావేశం పెట్టినవాళ్లు రాకపోతే మిగతావాళ్లు బయటే ఆగిపోతారు. తల్లుల బృందంలో ఇది తరచూ జరుగుతుంది, ఎవరో ఒకరి ఇంట్లో జ్వరం ఉంటూనే ఉంటుంది. సమావేశం పెట్టేటప్పుడే, హోస్ట్ (సమావేశం పెట్టినవాళ్లు) కన్నా ముందు చేరనిచ్చే ఎంపికను ఆన్ చేసి, అనుమతి వచ్చేదాకా బయట ఆపే వెయిటింగ్ రూమ్‌ను ఆపేయాలి. లోపలికి వచ్చేటప్పుడు అందరి మైకులూ ఆగి ఉండే సెట్టింగ్ కూడా పెట్టుకుంటే, ఎవరి ఇంట్లో కుక్కర్ కూసినా మిగతావాళ్ల వాక్యం చెదరదు. మీట్‌లో అయితే లింక్‌ను గ్రూపులో పడేయడం కాకుండా క్యాలెండర్‌లో వారంవారం వచ్చే ఈవెంట్‌గా పెట్టి, అందరి ఈమెయిళ్లనూ అందులో చేర్చాలి. అలా పిలుపు అందినవాళ్లు తమ ఖాతాతో వస్తే, ఎవరో అనుమతించేదాకా గుమ్మంలో నిలబడాల్సిన అవసరం సాధారణంగా ఉండదు.

ఇంకో చిక్కు, చాలామందికి ఫోనే కాల్, ఫోనే కాగితం. కాల్‌లో ఉంటూ రాసుకోవడానికి గూగుల్ డాక్స్ తెరిస్తే కాల్ చిన్న కిటికీలోకి పోతుంది, మన వీడియో ఆగిపోవచ్చు, బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది. పాత ఫోన్ ఏదైనా ఉంటే దానికి సిమ్ లేకపోయినా వైఫై మీద కాల్ నడుస్తుంది, అది కాల్‌కు ఉంచి చేతిలోని ఫోన్లో రాసుకోవచ్చు. పాత ఫోన్ లేకపోతే ఆ 30 నిమిషాలూ నోట్‌బుక్‌లో రాయడమే మంచిది.

వాట్సాప్ అందరి దగ్గరా ఉంది, కొత్తగా నేర్చుకునేదేమీ లేదు, అందుకే ప్రతి బృందం దాంతోనే మొదలవుతుంది. మొదట అడిగిన రెండు ప్రశ్నలనూ పరీక్షలుగా తీసుకుంటే, రెండింటిలోనూ అది ఓడిపోతుంది. సోమవారం పెట్టిన కథ బుధవారానికి పుట్టినరోజు శుభాకాంక్షల కింద పడి కనిపించకుండా పోతుంది. పొడుగాటి సందేశాన్ని యాప్ మధ్యలో ముడిచి చూపిస్తుంది, సగం మంది అక్కడితో ఆపేస్తారు. మాటకు రెండువైపులా నక్షత్రం గుర్తులు ఉంటే అవి మాయమై మాట లావెక్కుతుంది, అండర్‌స్కోర్లుంటే వాలుతుంది. కవితల్లో, సంభాషణల్లో గుర్తులు వాడేవాళ్లకు ఇది తెలియకుండానే రూపం మారిపోతుంది. కనుమరుగయ్యే సందేశాల సెట్టింగ్ ఎవరైనా ఆన్ చేసి ఉంచితే 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో రాతలన్నీ పోతాయి. గ్రూపు పెట్టిన రోజే దాన్ని ఆపి ఉందని చూసుకోవాలి. ఆ సెట్టింగ్‌ను అడ్మిన్లు మాత్రమే మార్చగలిగేలా కట్టడి చేయాలి.

కాబట్టి వాట్సాప్‌లో కథ పెట్టకూడదు, కథ లింకే పెట్టాలి. కొన్ని గ్రూపులను ఒకచోట కలిపే కమ్యూనిటీ తెరిచి దాని కింద రెండు గ్రూపులు ఉంచుకుంటే సరిపోతుంది. ఒకటి రాతలకు, ఇంకొకటి కబుర్లకు. సమయాలు, లింకులు కమ్యూనిటీతో పాటే వచ్చే ప్రకటనల గ్రూపులో ఉంటాయి. కబుర్ల గ్రూపును తక్కువగా చూడకూడదు. పిల్లల జ్వరాలు, నిద్రలేని రాత్రులు చెప్పుకునే చోటు లేకపోతే ఆ మాటలన్నీ రాతల గ్రూపులోకే వస్తాయి. గ్రూపులో మూడు సందేశాలదాకా పిన్ చేయవచ్చు. గరిష్ఠంగా 30 రోజులే నిలుస్తాయి, నెల మొదట్లో మళ్లీ పిన్ చేసే పని ఒకరికి అప్పగించాలి.

వాట్సాప్ నిజంగా రాణించేది వాయిస్ మెసేజ్‌లో. రాసినవాళ్లు తమ దృశ్యాన్ని తామే చదివి పంపితే, చదవడానికి కూర్చునే తీరిక లేనివాళ్లు బట్టలు మడతపెడుతూ వింటారు. వచనాన్ని ఒకటిన్నర వేగంతో వినవచ్చు, కవితకు మాత్రం అసలు వేగమే ఉంచాలి. రాసినవాళ్లకు ఇంకో లాభం ఉంది. బయటికి చదివేటప్పుడు నాలుక తడబడిన చోటే వాక్యం సరిగా లేదని తెలుస్తుంది. తనకు తానే సందేశం పంపుకునే చాట్ కూడా చిత్తుపుస్తకంగా బాగా పనికొస్తుంది. చేతులు ఖాళీ లేనప్పుడు తోచిన వాక్యాన్ని అక్కడ చెప్పి పెట్టుకోవాలి. ఆ రోజే డాక్స్‌లోకి ఎక్కించుకోకపోతే వారం తర్వాత ఆ గొంతు ఏ కథ గురించో కూడా గుర్తురాదు.

ఈ వరుసలో అన్నిటికన్నా గట్టిగా నిలబడేది గూగుల్ డాక్స్. రాసిన ప్రతి అక్షరం దానంతటదే భద్రమవుతుంది. వాక్యం మధ్యలో ఫోన్ కింద పెట్టి పరిగెత్తినా భయం లేదు. బిడ్డ కీబోర్డు మీద చేయి వేసి పేజీ మొత్తం చెరిపేసినా ఫైల్ మెనూలోని వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి ముందటి రూపాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. నెట్ లేనప్పుడు కూడా రాయాలంటే ఫోన్ యాప్‌లో ఆ ఫైల్‌ను ఆఫ్‌లైన్‌లో దొరికేలా ముందే గుర్తుపెట్టాలి. కంప్యూటర్‌లోనైతే ఆఫ్‌లైన్ సెట్టింగ్ ముందుగా ఆన్ చేసి ఉండాలి. నెట్ పోయాక గుర్తొస్తే లాభం లేదు.

రెండో పరీక్షలో, అంటే తిరిగొచ్చి వాక్యంలోకి దిగడంలో, డాక్స్‌కు మన సాయం కావాలి. ఫైల్ తెరిచినప్పుడు అది చాలాసార్లు మొదటి పేజీ దగ్గరే నిలబడుతుంది. ముప్ఫై పేజీల నవలలో ఎక్కడ ఆగామో వెతుక్కుంటూ కిందికి జారుతుంటే, దారిలో పాత వాక్యాలు దిద్దడం మొదలవుతుంది. దొరికిన పావుగంటా దిద్దుబాటుకే పోతుంది. దీనికి మందు ఒకటుంది. లేచేటప్పుడు ఆగిన చోట రెండు హ్యాష్ గుర్తులు పెట్టి, తర్వాత ఏం రావాలో ఐదారు మాటల్లో రాయాలి: "##ఆమె తలుపు తీయదు, కిటికీలోంచి చూస్తుంది". తిరిగొచ్చాక ఆ గుర్తుల కోసం వెతికితే నేరుగా అక్కడికే వెళ్తాం, ఏం రాయాలో కూడా అక్కడే ఉంటుంది. పిలుపొచ్చాక ఈ వాక్యం రాసే వ్యవధి ఉండదు కాబట్టి, కూర్చోగానే మొదటి పనిగా రాసి పెట్టుకుని, కథ ముందుకు కదిలినప్పుడల్లా మార్చుకుంటూ పోతే ఇంకా మంచిది. పుస్తకం మొత్తాన్ని ఒకే ఫైల్లో ఉంచకుండా, అధ్యాయానికో ఫైల్ పెట్టుకోవాలి.

బృందంతో పంచుకునేటప్పుడు ఎడిటర్ అనుమతి ఇవ్వకండి, కామెంటర్ అనుమతి చాలు. ఎంత మంచి మనసుతో దిద్దినా, ఇంకొకరు మన వాక్యాన్ని నేరుగా మార్చేస్తే అది మన గొంతు కాకుండా పోతుంది. కామెంటర్‌గా ఉన్నవాళ్లు చేసే మార్పు సూచనగా పక్కన కనిపిస్తుంది, ఒప్పుకోవడం మన ఇష్టం. లింక్ ఉన్న ఎవరైనా చూడగలిగేలా పెట్టడం కూడా వద్దు. ఇంటి మనుషుల ఛాయలు కథల్లోకి రాక మానవు, లింక్ ఎక్కడెక్కడికి వెళ్తుందో చెప్పలేం. ఐదుగురి ఈమెయిళ్లూ ఎక్కించి వాళ్లకు మాత్రమే తెరవాలి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. చాలా పత్రికలు ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదన్న హామీ అడుగుతాయి, సోషల్ మీడియాను కూడా ప్రచురణగానే లెక్కపెట్టేవి ఉన్నాయి. చిత్తును బహిరంగ గోడ మీద పెట్టి మెచ్చుకోళ్లు తెచ్చుకుంటే ఆ తలుపు మూసుకుపోవచ్చు.

డాక్స్‌లో పదాల లెక్క చూసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. 1999లో మొదలై 2025లో మూసివేత ప్రకటించిన నానోరైమో అనే నవంబరు నెల నవలా సవాలు, 30 రోజుల్లో 50,000 పదాలను లక్ష్యంగా పెట్టింది. రోజుకు సుమారు 1,667 పదాలు. అది ఇంగ్లీషు రాతను దృష్టిలో పెట్టుకుని పుట్టిన అంకె. తెలుగులో విభక్తులు, ప్రశ్నలు, అవునూ కాదూ అన్నీ మాటలోనే కలిసిపోతాయి. "రాలేకపోయిందా" అన్నది మనకు ఒక్క పదం. అంతే కథకు మన పదాలు తక్కువ వస్తాయి. ఆ అంకెను అలాగే తెచ్చుకున్న తల్లి తనకు చేతకావడం లేదనుకుని మానేస్తుంది. పదాలకు బదులు దృశ్యాల్ని లెక్కపెట్టుకోవడం మేలు. వారానికి ఒక్క దృశ్యం పూర్తయినా ఏడాదికి 52 దృశ్యాలు, అది నవలకు చాలు.

గొంతుతో టైపు చేయడం తల్లులకు వరమని చాలాచోట్ల చదువుతాం. సగం నిజం. గూగుల్ వారి ఫోన్ కీబోర్డు జీబోర్డ్‌లోనూ, కంప్యూటర్‌లో డాక్స్‌ టూల్స్ మెనూలో ఉండే వాయిస్ టైపింగ్‌లోనూ తెలుగు ఉంది. బిడ్డను భుజాన వేసుకుని తిరుగుతూ సంభాషణలు చెప్పి రాయించడానికి చాలా బాగుంది. నోటితో పుట్టిన సంభాషణ, చేత్తో రాసినదానికన్నా సహజంగా కూడా వస్తుంది. కానీ కంప్యూటర్ డాక్స్‌లో కామా, ఫుల్‌స్టాప్ పెట్టమని నోటితో చెప్పే ఆదేశాలు తెలుగుకు పనిచేయవు, వాక్యాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని వస్తాయి. మాండలికాన్ని అది పుస్తకభాషవైపు లాగేస్తుంది లేదా అర్థంలేని మాటగా మారుస్తుంది. పాత్రల పేర్లు ఒక్కోసారి ఒక్కోలా పడతాయి. పక్కన పిల్లలు మాట్లాడితే వాళ్ల మాటలూ కలుస్తాయి. ఆలోచిస్తూ కాసేపు ఆగితే మైకు ఆగిపోతుంది, మనం గమనించకుండా చెప్పుకుంటూ పోతాం. ఒక్కో వాక్యం చెప్పి తెర వైపు చూడటం, వాక్యం కాగానే కొత్త లైనుకు పోవడం, పేర్ల బదులు "అక్క", "దొర" వంటి తేలిక మాట వాడి తర్వాత మార్చుకోవడం, ఇవి అలవాటు చేసుకోవాలి. దిద్దుబాటు అదే రోజు జరగాలి. మూడు రోజులాగితే తప్పుగా పడ్డ మాట అసలు ఏమిటో మనకే అంతుచిక్కదు. వర్ణనకు మాత్రం ఈ పద్ధతిని నమ్ముకోలేం, అది చేతి నుంచే రావాలి.

నోట్‌బుక్ గురించి క్లుప్తంగా: చేతిలో ఇమిడేది, గట్టి అట్టది, పెన్ను దానికే తగిలించి ఉన్నది. తెరవగానే రాయవచ్చు, నోటిఫికేషన్ రాదు, పిల్లలకు ఫోన్‌పై ఉన్న ఆసక్తి దానిపై ఉండదు. భద్రత మాత్రం సున్నా, అందుకే నిండిన పేజీని అదే రోజు ఫొటో తీసుకోవాలి.

ఎవరికి ఏది అంటే: బిడ్డకు ఏడాది నిండకముందు వాయిస్ మెసేజ్, డాక్స్, నోట్‌బుక్ చాలు. కెమెరా ముందు కూర్చోవాల్సినవేవీ అప్పుడు వద్దు. పగటి నిద్ర ఒక తీరుకు వచ్చాక వారానికి రెండు మూడు 25 నిమిషాల ఫోకస్‌మేట్ సెషన్లు. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక వారానికొక జూమ్ రాత కూటమి, పదిహేను రోజులకొకసారి మీట్‌లో చదువుల కూటమి. రాత్రి పిల్లలు పడుకున్నాక పెట్టే కూటమికి ఒప్పుకునేవాళ్లు ఎక్కువ, వచ్చేవాళ్లు తక్కువ. పడుకోబెడుతూ వాళ్లూ నిద్రపోతారు. తెల్లవారుజామునో, బడి వేళల్లోనో పెట్టిన కూటమి ఎక్కువకాలం నడుస్తుంది. సమయాన్ని వాట్సాప్ పోల్‌తో తేల్చి, బడి సెలవులు మొదలైన ప్రతిసారీ మళ్లీ పోల్ పెట్టాలి.

బృందం నడిపేవాళ్లు ఇద్దరుండాలి, జూమ్ ఖాతా వివరాలు ఇద్దరికీ తెలియాలి. నెలల తరబడి రాలేకపోయిన సభ్యురాలిని గ్రూపులోంచి తీయవద్దు, ఎందుకు రాలేదని అడగవద్దు. ఆమె కనిపించిన రోజున చివరిగా పంచుకున్న ఫైల్ లింక్, ఈ వారం కూటమి లింక్ రెండూ ఆమెకు విడిగా పంపండి, ఆ వారం చదవడానికి మొదటి వంతు ఆమెకే ఇవ్వండి.